పిల్లల మీద పోలీసు కేసు పడితే: వయసు కాగితం దగ్గర మొదలుపెట్టి ఆర్డర్ చేతికొచ్చేదాకా

ఇలాంటి ఫోన్లు ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాకే వస్తాయి. "సార్, మావాణ్ని స్టేషన్‌కు తీసుకెళ్లారు, వాడింకా ఇంటర్ ఫస్టియరే, ఏం చేయమంటారు?" అవతల తండ్రి గొంతు, వెనకాల తల్లి ఏడుపు. ఆపాటికే తెలిసిన లీడర్‌తో చెప్పించి ఉంటారు, ఎవరికో ఎంతో ముట్టజెప్పడానికి సిద్ధపడి ఉంటారు, అబ్బాయి ఫోన్‌లో చాటింగులన్నీ చెరిపేసి ఉంటారు. వాడి పదో తరగతి మెమో మాత్రం బీరువాలోనే ఉంటుంది. నన్నడిగితే ఆ రాత్రి అన్నిటికంటే ముందు బయటికి తీయాల్సింది ఆ మెమోనే.

ఇక్కడ చెప్పేదంతా జరిగిన రోజుకు 18 ఏళ్లు నిండని పిల్లల గురించి, మన దేశంలో నమోదైన కేసుల గురించి. వాళ్లకు వర్తించేది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. పెద్దవాళ్ల కేసుల్లో మీరు విన్నవి, సినిమాల్లో చూసినవి ఇక్కడ చాలావరకు పనికిరావు. ఏడేళ్లు కూడా నిండని పిల్లవాడు ఏం చేసినా చట్టం దృష్టిలో అది నేరమే కాదు, వాళ్లకు ఇదేదీ అక్కర్లేదు.

1. వయసు కాగితం తీయండి, మిగతావి తర్వాత

కేసు ఎక్కడికి వెళ్లాలో మొదట తేల్చేది వయసు, నేరం కాదు. 18 నిండకపోతే అది జువెనైల్ జస్టిస్ బోర్డుకే వెళ్లాలి. దాన్నే అందరం జేజేబీ అంటాం. లెక్కలోకి వచ్చేది గొడవ జరిగిన రోజు వయసు, పట్టుకున్న రోజుది కాదు. డిసెంబర్‌లో గొడవ, జనవరిలో 18 నిండాయి, ఫిబ్రవరిలో పట్టుకున్నారనుకోండి, అయినా జేజేబీకే.

ఏ కాగితానికి ఎంత విలువో చట్టంలోని సెక్షన్ 94 వరసగా చెప్పింది. మొదటిది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్షలాంటి వైద్య పరీక్ష, అది కూడా ఆదేశం ఇచ్చిన 15 రోజుల్లో పూర్తవ్వాలి. ఈ వరసలో ఆధార్ లేదు. పుట్టినతేదీకి ఆధార్ రుజువుగా సరిపోదని సుప్రీంకోర్టు 2024లో మరోసారి చెప్పింది కూడా. అయినా నూటికి తొంభై మంది ఆధార్ జిరాక్స్ పట్టుకునే పరిగెత్తుకొస్తారు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. పిల్లాణ్ని తొందరగా బడిలో వేయాలని ఏడాది పెంచి రాయించేస్తాం. మెమోలో ఒక తేదీ, మున్సిపాలిటీ కాగితంలో ఇంకో తేదీ. ఇలాంటప్పుడు మొగ్గు మామూలుగా మెమో వైపే ఉంటుంది. అయినా రెండూ లాయర్‌కు చూపించండి, మొదట చేరిన బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు కూడా తెప్పించండి, ఒకటి దాచిపెట్టి ఇంకోటి ఇవ్వడం మాత్రం వద్దు. కొత్తగా కాగితం "చేయించడం" అసలే వద్దు, అది బయటపడితే ఆ కేసు పిల్లాడి మీద కాదు, మీ మీద పడుతుంది.

ఎముకల పరీక్ష పుట్టినతేదీ చెప్పదు, ఒకటి రెండేళ్లు అటూ ఇటూగా అంచనా చెబుతుంది. చేతిలో మెమో ఉండి కూడా పరీక్షకు ఒప్పుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

పొరపాటున మామూలు మేజిస్ట్రేట్ ముందు పెట్టేశారా? కంగారు పడకండి. మైనర్ అన్న మాట ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా ఎత్తవచ్చని సెక్షన్ 9 చెబుతోంది. కాగితంతో పిటిషన్ వేస్తే కేసు బోర్డుకు పంపాల్సిందే. కానీ ఆలస్యమైన ప్రతి రోజూ పిల్లాడు పెద్ద ఖైదీల మధ్య గడుపుతాడు, అందుకే మెమో ముందు అంటున్నది.

బ్యాగ్‌లో పెట్టుకోవాల్సినవి:

- పదో తరగతి మెమో లేదా బడి సర్టిఫికెట్, ఒరిజినల్‌తో పాటు ఐదు జిరాక్సులు
- జనన ధ్రువీకరణ పత్రం
- స్టడీ సర్టిఫికెట్, ఈ ఏడాది ప్రోగ్రెస్ కార్డు, హాజరు వివరాలు
- పిల్లాడికి మందులు నడుస్తుంటే డాక్టర్ చీటీలు, పాత రిపోర్టులు
- తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు, ఇంటి చిరునామా రుజువు

2. స్టేషన్‌లో

ఒంటరిగా వెళ్లకండి, పదిమందిని వేసుకునీ వెళ్లకండి. తల్లి లేదా తండ్రి, తోడు ఒక్కరు, చాలు. వెళ్లగానే అడగాల్సిన మాట: "ఈ స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరండీ?" ప్రతి స్టేషన్‌లో ఏఎస్ఐకి తగ్గని హోదాలో అలాంటి అధికారి ఉండాలి, పిల్లాడు ఆయన లేదా ఆమె చేతిలోనే ఉండాలి. ఆ మాట అడిగేసరికి వీళ్లకు చట్టం తెలుసని అవతలివాళ్లకు అర్థమవుతుంది, మాట తీరు కూడా కొంచెం మారుతుంది.

చట్టం, 2016 నాటి కేంద్ర నమూనా నియమాలు చెప్పేవి:

- పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు, బేడీలు వేయకూడదు.
- ప్రయాణం పోగా 24 గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలి.
- తల్లిదండ్రులకు వెంటనే తెలియజేయాలి. విచారణ చేసేటప్పుడు వాళ్లు పక్కన ఉండవచ్చు.
- నేరం ఒప్పుకోమని బలవంతపెట్టకూడదు, ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయించుకోకూడదు.
- ఘోరమైన నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడంటేనో తప్ప ఎఫ్ఐఆర్ కట్టకూడదు. మిగతావి జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం) రాసి, పిల్లాడి కుటుంబ నేపథ్యం గురించిన రిపోర్టుతో బోర్డుకు పంపాలి.

ఆఖరిది ఆచరణలో తరచూ తప్పుతుంది, చిన్నచిన్న కేసులకూ ఎఫ్ఐఆర్ కట్టేస్తారు. అక్కడ నిలబడి రైటర్‌తో వాదన పెట్టుకోకండి. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, లాయర్ బోర్డు ముందు ఎత్తుతారు. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు వచ్చారు, యూనిఫాంలోనా మఫ్టీలోనా, ఎక్కడ కూర్చోబెట్టారు, అన్నం పెట్టారా, చేయి చేసుకున్నారా. ఈ చిన్న కాగితం తర్వాత బంగారంలా పనికొస్తుంది, ఎందుకంటే 24 గంటల లెక్క ఎప్పుడు మొదలైందన్నది చాలా కేసుల్లో గొడవ అవుతుంది. "రాత్రికి ఇక్కడే ఉండనీండి, పొద్దున పంపించేస్తాం" అంటే మర్యాదగానే అడగండి: బోర్డు ముందు ఎప్పుడు పెడుతున్నారు సార్?

దెబ్బలు కనిపిస్తే ఫోటో తీయండి. వైద్య పరీక్ష చేయించమని బోర్డుకే చెప్పండి, పిల్లాడి నోటితోనే చెప్పించండి.

ఆడపిల్ల అయితే మహిళా పోలీసు ఉండాల్సిందేనని గట్టిగా అడగండి. బోర్డు పంపే హోమ్ కూడా బాలికలకు వేరే ఉంటుంది.

3. లాయర్ సంగతి

డబ్బు లేదని ఆగిపోకండి. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం ఆదాయంతో సంబంధం లేకుండా వస్తుంది, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఆ మాట ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098 ఎలాగూ ఉంది. బోర్డు కూడా పిల్లాడికి లాయర్ ఉండేలా చూడాలి, అది దాని బాధ్యత.

సొంతంగా పెట్టుకుంటే పేరు మోసిన క్రిమినల్ లాయరే కావాలని లేదు. "ఈ ఏడాది జేజేబీలో ఎన్ని కేసులు చూశారు?" అని మొహమాటం లేకుండా అడగండి. పెద్ద కోర్టులో గొంతెత్తి వాదించే పద్ధతి బోర్డులో ఎదురు తిరుగుతుంది. అక్కడ కూర్చునేది ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. వాళ్లు చూసేది సెక్షన్ ఒక్కటే కాదు, ఆ పిల్లాణ్ని, వాణ్ని పెంచుతున్న ఇంటిని కూడా. ఈ మాటకు మళ్లీ వస్తాను, ఎందుకంటే చాలా కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే.

లాయర్‌తో మొదటి మాట పిల్లాణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీరు బయట కూర్చోండి. తల్లి ఎదురుగా ఉంటే ఏ పిల్లాడూ గంజాయి సంగతి చెప్పడు, అమ్మాయి సంగతి అసలే చెప్పడు, ఆ చెప్పని మాట రేపు పోలీసు కాగితాల్లో కనిపించినప్పుడు లాయర్ చేతులు కట్టేసినట్టు అవుతుంది.

4. మొదటి హాజరు, బెయిల్

పిల్లల బెయిల్‌కు వేరే సూత్రం ఉంది. మామూలుగా అడిగే "ఇది బెయిలబులా, నాన్ బెయిలబులా?" అన్న ప్రశ్న ఇక్కడ లేదు. సెక్షన్ 12 ప్రకారం నేరం ఏదైనా బెయిల్ ఇవ్వాలన్నదే నియమం, షూరిటీతోనో లేకుండానో, లేదంటే ప్రొబేషన్ అధికారి (పిల్లాడి మీద కన్నేసి ఉంచి, బోర్డుకు రిపోర్టు ఇచ్చే అధికారి) పర్యవేక్షణలోనో. ఇవ్వకుండా ఉండటానికి మూడే కారణాలు: బయటికొస్తే తెలిసిన నేరగాళ్లతో కలుస్తాడని, వాడికి నైతికంగా గానీ శారీరకంగా గానీ మానసికంగా గానీ ప్రమాదమని, న్యాయం దారి తప్పుతుందని. వద్దంటే ఎందుకు వద్దో బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి.

అంటే మీ పని "మావాడు అమాయకుడు" అని ఏడవడం కాదు. ఆ మూడు భయాలకూ జవాబు కాగితం మీద పెట్టడం. నేను దీన్ని ఇంటి ప్లాన్ అంటాను. ఒక పేజీ చాలు, లాయర్ దాన్ని పిటిషన్‌తో జతచేస్తారు:

- పిల్లాడు ఎక్కడ ఉంటాడు, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు
- పగలు ఎవరు చూస్తారు, రాత్రి ఎవరు ఉంటారు, పేర్లతో సహా
- బడి లేదా కాలేజీకి ఎప్పటి నుంచి వెళ్తాడు, ఎవరు దింపుతారు
- ఏ స్నేహితులతో కలవకుండా ఏం చేస్తున్నారు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది
- మత్తు అలవాటు ఉంటే ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారు, అపాయింట్‌మెంట్ తేదీ ఎప్పుడు
- వాయిదాలకు ఎవరు తీసుకొస్తారు

ఫిర్యాదు చేసినవాళ్లు అదే వీధిలో ఉంటే పిల్లాడికి ప్రమాదమన్న వాదన వస్తుంది. అప్పుడు మేనమామ ఇంటికో పెద్దమ్మ ఇంటికో పంపుతామని చెప్పండి, ఆ మేనమామను వెంటబెట్టుకుని రండి. పేరు చెప్పడం వేరు, మనిషి వచ్చి బోర్డు ముందు నిలబడటం వేరు.

తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి, తల్లి లేక, అమ్మమ్మే పెంచుతున్న పిల్లలు కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు తక్కువేం కాదు. అమ్మమ్మను తీసుకురండి. పిల్లాణ్ని నిజంగా చూసుకుంటున్న మనిషిని బోర్డు సంరక్షకురాలిగా గుర్తించవచ్చు. తండ్రి దిగేదాకా ఆగుదాం అనుకోకండి.

బెయిల్ ఇచ్చాక షూరిటీ కుదరక ఏడు రోజులు దాటిపోతే పిల్లాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తీసుకురావాలి, షరతులు సడలించడానికే ఆ నియమం. అడగనిదే అమ్మయినా పెట్టదు కాబట్టి ఎనిమిదో రోజు లాయర్‌కు ఫోన్ చేయండి.

బెయిల్ రాకపోతే అబ్జర్వేషన్ హోమ్‌కు, అంటే విచారణ నడుస్తున్నప్పుడు పిల్లల్ని ఉంచే చోటికి పంపుతారు. హైదరాబాద్‌లో అబ్బాయిలకైతే సైదాబాద్ పేరు అందరూ విన్నదే. ఆర్డర్ కాపీ అదే రోజు తీసుకోండి, పిల్లల కేసులు చూసే పై కోర్టు అయిన చిల్డ్రన్స్ కోర్టులో అప్పీల్‌కు 30 రోజులే గడువు. ములాఖత్ రోజు కనుక్కుని తప్పకుండా వెళ్లండి, పిల్లాడికి మందులుంటే చీటీతో సహా అక్కడి అధికారికి ఇవ్వండి. వెళ్లిన ప్రతిసారీ "ఎందుకు చేశావురా?" అనకండి. తిన్నావా, పడుకున్నావా, ఎవరైనా కొడుతున్నారా, అంతవరకు అడగండి.

ముందస్తు బెయిల్ గురించి చాలామంది అడుగుతారు. పిల్లలకు అది వర్తిస్తుందా లేదా అన్నదానిపై వేర్వేరు హైకోర్టులు వేర్వేరుగా చెప్పాయి, మీ లాయర్‌తో తేల్చుకోండి.

5. కేసు ఏ రకమో తెలుసుకోండి

చట్టం పిల్లల నేరాల్ని మూడు గంపల్లో వేసింది. మీ కేసు ఏ గంపలో ఉందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, లేదా ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది.

చిన్న నేరాలు: గరిష్ఠ శిక్ష మూడేళ్ల దాకా ఉన్నవి. మామూలు దొంగతనం, చిన్న మోతాదు గంజాయి ఇందులోకి వస్తాయి. మొదట హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో విచారణ ముగియాలి, ముగియకపోతే కేసు రద్దయిపోతుంది. మొదటి హాజరు తేదీని క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టండి. ఆరు నెలలు దాటాక లాయర్‌కు గుర్తుచేయాల్సింది మీరే.

తీవ్రమైన నేరాలు: మూడేళ్లకు పైన ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నవి, ఇంకా గరిష్ఠం ఏడేళ్లు దాటినా కనీస శిక్ష ఏడేళ్లు లేనివి. ఇంట్లో దూరి దొంగతనం, దోపిడీ, నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీయడం. గరిష్ఠం పెద్దదే అయినా కనీస శిక్ష లేని నేరాలు ఎందులోకి వస్తాయన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2020లో తీర్చింది, తర్వాత 2021 సవరణలో చట్టంలోకే ఎక్కింది. కాబట్టి "పదేళ్ల శిక్ష పడే సెక్షన్ పెట్టారు, పెద్దవాళ్ల కోర్టుకు పంపేస్తారు" అని ఎవరైనా భయపెడితే, కనీస శిక్ష ఎంతో అడగండి.

ఘోరమైన నేరాలు: కనీస శిక్షే ఏడేళ్లు, ఆపైన. హత్య, అత్యాచారం, వాణిజ్య మోతాదు గంజాయి (అంటే 20 కిలోల పైమాట, పార్సిల్ మోసిపెట్టమని పిల్లల చేతికిచ్చేది తరచూ ఇదే).

ఇందులోనే ఎవరూ ఊహించనిది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి, ఇద్దరూ ఇష్టపడి వెళ్లిపోయారు, అమ్మాయి తండ్రి కేసు పెట్టాడు. 18 లోపు ఇష్టానికి చట్టంలో విలువ లేదు. లైంగిక సంబంధం జరిగిందంటే కనీస శిక్ష పదేళ్ల సెక్షన్ పడుతుంది, అంటే ఘోరమైన నేరం గంపే. ఇక్కడ పెద్దలు చేసే తప్పు ఒకటుంది: రెండు కుటుంబాలూ కూర్చుని పెళ్లి చేసేద్దాం అనుకోవడం. ఆ వయసులో పెళ్లి ఇంకో నేరం, ఈసారి ముద్దాయిలు మీరు. అమ్మాయి ఇంటికి రాయబారాలు పంపకండి, బెదిరించారన్న ఇంకో ఫిర్యాదు అవుతుంది.

6. పదహారు దాటి, ఘోరమైన నేరం అంటే

ఈ ఒక్క సందర్భంలోనే బోర్డు ప్రాథమిక అంచనా అని ఒకటి చేస్తుంది. ఆ పని చేయగల శారీరక, మానసిక సామర్థ్యం పిల్లాడికి ఉందా, పర్యవసానం అర్థమయ్యే స్థితిలో ఉన్నాడా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని చూస్తుంది. అందులో తేలినదాన్ని బట్టి కేసు చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లవచ్చు, అక్కడ పెద్దవాడిలా విచారించే అవకాశం ఉంది. మరణశిక్ష, విడుదలకు వీల్లేని యావజ్జీవం మాత్రం పిల్లలకు ఎప్పటికీ వేయకూడదు.

ఇది నేరం చేశాడా లేదా తేల్చే విచారణ కాదు. అయినా చాలా కుటుంబాలు దీన్ని మామూలు వాయిదా అనుకుని వదిలేస్తాయి, మొత్తం కేసులో అసలు మలుపు ఇక్కడే ఉంటుంది.

చేయాల్సినవి వరసగా చెబుతాను. పోలీసులు పెట్టిన రిపోర్టులన్నిటి కాపీలూ ముందే అడగండి. బోర్డులో మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది, ఆ సాయం తీసుకోకుండా అరగంటలో ముగించేస్తుంటే లాయర్ చేత అభ్యంతరం రాయించండి. పిల్లాడికి మూర్ఛ, చదువులో వెనకబాటు, పాత తలగాయం, మానసిక చికిత్స ఏదున్నా రికార్డులు పెట్టండి. "పెళ్లి కావాల్సిన అక్క ఉంది సార్, పిచ్చి అంటారు" అని దాచే తల్లిదండ్రుల్ని చూశాను, ఆ ఒక్క ఫైలు ఉంటే కథ ఇంకోలా ఉండేది.

పిల్లాడికి జవాబులు బట్టీ పట్టించకండి. నిపుణులు పది నిమిషాల్లో పట్టేస్తారు, పైగా బట్టీ పట్టి చెప్పగలిగినవాడు ఎంతైనా తెలివైనవాడే అన్న ముద్ర పడుతుంది.

అంచనా మూడు నెలల్లో ముగియాలని చట్టంలో ఉన్నా, గడువు దాటితే అంతటితో కొట్టుకుపోదని సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. గడువు మీద ఆశ పెట్టుకోవద్దు. ఆర్డర్ నచ్చకపోతే సెషన్స్ కోర్టులో 30 రోజుల్లో అప్పీల్.

7. ప్రొబేషన్ అధికారి ఇంటికొచ్చిన రోజు

పిల్లాడి ఇల్లు, చదువు, స్నేహాలు, పరిస్థితుల గురించి ప్రొబేషన్ అధికారి రిపోర్టు రాస్తారు. రెండు వారాల్లో ఇవ్వాలి. బోర్డు శ్రద్ధగా చదివే కాగితం ఇది, బెయిల్ దగ్గర్నుంచి చివరి ఆర్డర్ దాకా దీని నీడ ఉంటుంది.

ఇంటికొచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చి, ఇల్లు సర్దిపెట్టి, "మావాడు బంగారమండీ" అంటే సరిపోదు. తండ్రి తాగుతాడనుకోండి, పక్కింటివాళ్లు ఎలాగూ చెబుతారు. మీరే చెప్పి, ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. ఇంటి కష్టం దాచిన రిపోర్టు కంటే, కష్టం ఉంది కానీ దారి వెతుకుతున్నారు అని రాసిన రిపోర్టు పిల్లాడికి ఎక్కువ మేలు చేస్తుంది. క్లాస్ టీచర్, ట్యూషన్ మాస్టారు, ఊళ్లో గౌరవం ఉన్న ఒకరిద్దరి వివరాలు ఇవ్వండి. లీడర్ సిఫారసు ఉత్తరం వద్దు.

8. బైక్ కేసైతే మీ కేసు కూడా చూసుకోండి

మైనర్ బండి నడిపి యాక్సిడెంట్ చేస్తే, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన సెక్షన్ 199ఏ కింద సంరక్షకుడి మీద లేదా బండి ఓనర్ మీద కూడా కేసు ఉంటుంది. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. నాకు తెలియకుండా తీసుకెళ్లాడు, నేను జాగ్రత్త పడ్డాను అని నిరూపించుకునే బాధ్యత మీదే.

చిక్కెక్కడంటే, "తాళాలు నేను ఇవ్వలేదు, వాడే దొంగతనంగా తీశాడు" అన్న మీ వాదన వాడి కేసులో వాడికే తగులుతుంది. అందుకే తండ్రికి ఒక లాయర్, పిల్లాడికి ఒక లాయర్. ఒకరే రెండూ చూస్తామంటే ఒప్పుకోకండి. నష్టపరిహారం కేసు వేరేగా వస్తుంది, ఇన్సూరెన్స్ కంపెనీ ముందు కట్టినా తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునే ఆదేశం తెచ్చుకోవచ్చు, ఆ లెక్క కూడా మనసులో ఉంచుకోండి.

డ్రైవరు నడిపాడని చెప్పించడం, రక్త నమూనా మార్పించడం లాంటి ఆలోచనే రానివ్వకండి. 2024 మేలో పుణెలో జరిగిన కారు ప్రమాదం గుర్తుందిగా, రక్త నమూనా మార్చారన్న ఆరోపణ మీద పిల్లాడి తల్లిదండ్రులిద్దరూ అరెస్టయ్యారు.

9. ఎక్కువమంది చేసే తప్పులు, చేసేసి ఉంటే దారి

ఫోన్‌లో చాటింగులు చెరిపేశాం. ఇంక దేనికీ చేయి పెట్టకండి, రీసెట్ కొట్టకండి. లాయర్‌కు నిజం చెప్పండి. సాక్ష్యం మాయం చేశారన్నది మళ్లీ ఇంకో నేరం, పైగా చెరిపినవి తిరిగి తీయగలుగుతారు.

తెల్లకాగితం మీద పిల్లాడి సంతకం పెట్టించుకున్నారు. ఆ రోజే తేదీ, సమయం రాసి, మొదటి హాజరులోనే బోర్డుకు చెప్పించండి. నెల తర్వాత చెబితే కథలా వినిపిస్తుంది.

స్టేషన్‌లోనే డబ్బులిచ్చి రాజీ చేసుకున్నాం, కానీ కేసు నడుస్తూనే ఉంది. కొన్ని నేరాలకే రాజీ చెల్లుతుంది, అది కూడా చట్టం చెప్పిన పద్ధతిలో. పోక్సోకు రాజీ లేదు. ఇచ్చినదానికి కాగితం ఉంటే లాయర్‌కు ఇవ్వండి, ఇక మీద నేరుగా ఒక్క రూపాయి ఇవ్వకండి.

లోకల్ గ్రూపుల్లో పిల్లాడి ఫోటో తిరుగుతోంది. పేరు, ఫోటో, బడి, ఇల్లు ఏది బయటపెట్టినా సెక్షన్ 74 కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ. స్క్రీన్‌షాట్ తీసి బోర్డుకు ఇవ్వండి. మీరూ "మా అబ్బాయికి అన్యాయం" అంటూ వీడియో పెట్టకండి, అదే పని మీరే చేసినట్టు.

పెద్దవాళ్లతో కలిపి కేసు పెట్టారు, వాళ్ల లాయరే మావాడికీ చూస్తానన్నాడు. వద్దు. పెద్దవాళ్లతో కలిపి పిల్లల విచారణ జరపకూడదని చట్టమే చెబుతోంది. ఆ లాయర్‌కు తన క్లయింట్‌ను కాపాడుకోవడానికి మీవాడి మీదికి నెట్టడం సులువు.

పిల్లాణ్ని బడి మాన్పించాం. తిరిగి పంపండి. బడి ససేమిరా అంటే బోర్డుకు చెప్పండి. హోమ్‌లో ఉన్నా పరీక్షలు రాయడానికి అనుమతి అడగవచ్చు, హాల్ టికెట్ జతచేసి కనీసం పదిరోజుల ముందు పిటిషన్ వేయండి, ముందురోజు సాయంత్రం కాదు.

10. ఆర్డర్ వచ్చాక

నేరం రుజువైనా బోర్డు ఇచ్చేది మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులపై జరిమానా, ప్రొబేషన్, ఇంకా గట్టిదంటే స్పెషల్ హోమ్, అంటే నేరం రుజువైన పిల్లల్ని ఉంచే చోటు. అది కూడా మూడేళ్లకు మించదు. ప్రొబేషన్ షరతులు కాపీలో చదివి, పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అధికారి దగ్గర హాజరు తప్పిన రోజు కారణం రాతపూర్వకంగా ఇవ్వండి.

ఉద్యోగం సంగతి అందరూ అడిగేదే. బోర్డులో తేలిన కేసు వల్ల పిల్లాడికి ఏ అనర్హతా ఉండకూడదని సెక్షన్ 24, అప్పీల్ గడువు తర్వాత రికార్డులు నాశనం చేయాలి కూడా. ముగిసిన కేసుల వివరాలు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. మైనర్‌గా ఉన్నప్పటి కేసు చూపి ఉద్యోగం నిరాకరించడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు ఒక సీఐఎస్ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) నియామకంలో తేల్చింది. మినహాయింపు ఒక్కటే, పదహారు దాటి చిల్డ్రన్స్ కోర్టు పెద్దవాడిలా విచారించి దోషి అన్నవాళ్లకు.

రికార్డు నాశనం దానంతట అదే జరుగుతుందని కూర్చోకండి. అప్పీల్ గడువు ముగిశాక లాయర్ చేత బోర్డుకు ఒక అర్జీ వేయించండి. చివరి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకుని, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకెక్కడైనా జాగ్రత్త చేయండి. ఐదారేళ్ల తర్వాత కానిస్టేబుల్ ఉద్యోగానికో ఇంకోదానికో అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు, ఆ కాలమ్‌లో ఏం రాయాలో తేల్చుకోవడానికి ముందు ఆ కాపీ పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లమని పిల్లాడికి చెప్పి ఉంచండి. ఆ పదో తరగతి మెమో కూడా అదే కవర్లో పెట్టండి.